ఇంట్లో కట్టిన సంప్‌కి అక్రిలిక్ బాఫిల్స్: అతికించకుండా గాడిలో దింపుతున్నాను

నాలుగడుగుల చేపల ట్యాంకు కింద పెట్టాల్సిన సంప్ డబ్బా, అంటే పై ట్యాంకు నీళ్లు దిగి శుభ్రపడి పంపుతో మళ్లీ పైకెళ్లే ఫిల్టర్ తొట్టి, తయారై చాన్నాళ్లయింది. పొడవు 30 అంగుళాలు, వెడల్పు 12, ఎత్తు 15, గాజు 5 మి.మీ. అద్దాల షాపులో ముక్కలు కోయించుకొచ్చి నేనూ మా బావమరిదీ బాల్కనీలో కూర్చుని సిలికాన్‌తో అతికించాం. నిండా నీళ్లు పోసి వదిలేశాం, చుక్క కారలేదు. ఇక మిగిలింది అసలు పని, లోపల బాఫిల్స్, అంటే అడ్డుపలకలు, పెట్టి దాన్ని గదులుగా విడగొట్టడం. బాఫిల్స్ లేని సంప్ అంటే ఉత్త నీళ్ల తొట్టే.

పైన ట్యాంకులో ఉన్నవి ఆఫ్రికాలోని మలావి సరస్సు చేపలు, ఎల్లో ల్యాబ్‌లూ ఇంకొన్ని మ్బునాలూ. హైదరాబాద్‌లో మా బోరు నీళ్లు ఎంత గట్టివంటే గీజరు కాయిల్‌కి తెల్లటి పెచ్చు కట్టేస్తుంది, కానీ ఈ చేపలకి కావాల్సింది సరిగ్గా అవే, పీహెచ్ 8కి అటూ ఇటూ ఉంటే వాటికి హాయి. తిండి మాత్రం బాగా తింటాయి, దానికి తగ్గట్టే మురికి, పైగా రోజంతా ఇసుక తవ్వుతూనే ఉంటాయి. వెనక వేలాడే ఫిల్టర్ వల్ల అయ్యే పని కాదిది. అందుకే సంప్.

ప్లాన్

మూడు పలకలు. ఎడమ నుంచి కుడికి ఎ, బి, సి అనుకుందాం. పై ట్యాంకు నుంచి దిగే పైపు మొదటి గదిలో 200 మైక్రాన్ల ఫిల్టర్ సంచిలో పడుతుంది. ఆ గది 7 అంగుళాలు. అక్కడ ఎ పలక, ఎత్తు 10 అంగుళాలు, నీళ్లు దాని మీంచి పొర్లి మీడియా గదిలోకి దిగుతాయి. మీడియా గది 12 అంగుళాలు, చేపల మురికిని విరిచే బ్యాక్టీరియా పెరగడానికి వేసే సిరామిక్ రింగులూ లావా రాళ్లూ అందులోనే. దాని చివర బి పలక, ఇది మిగతా వాటికి తిరగబడింది, పైన ఎత్తుగా ఉండి కింద అంగుళంపావు ఖాళీ వదులుతుంది, నీళ్లు అడుగు నుంచి దూరి వెళ్లాలి. బికి అంగుళం దూరంలో సి పలక, 9.5 అంగుళాలు, మళ్లీ మీంచి పొర్లడమే. ఆ తర్వాత 9 అంగుళాల పంపు గది. మూడు పలకల మందంతో కలిపి కూడితే లోపలి పొడవు 29.6 అంగుళాలకి సరిగ్గా సరిపోతుంది.

బికీ సికీ మధ్య ఆ అంగుళం సందు బుడగల కోసం. నీళ్లు పైకి ఎక్కేటప్పుడు నెమ్మదిగా కదిలితే బుడగలు వాటికంటే ముందే పైకి తేలిపోతాయి. నా పంపు డబ్బా మీద గంటకు 2500 లీటర్లని ఉంది కానీ అది పైకి ఎత్తకుండా వదిలితే వచ్చే లెక్క. నాలుగడుగుల పైకి ఎత్తించి 10 లీటర్ల బకెట్ పెట్టి ఫోన్ స్టాప్‌వాచ్‌తో చూస్తే 24 సెకన్లకి నిండింది, అంటే గంటకు 1500. ఆ ప్రవాహం అంగుళం సందులోంచి పోతే వేగం సెకనుకు 5, 6 సెం.మీ. మధ్య వస్తుంది. ఒక మిల్లీమీటరు సైజు బుడగ నీళ్లలో దీనికంటే వేగంగానే లేస్తుంది కాబట్టి పర్వాలేదు. గంటకు 3000 తోసే పంపు పెట్టుకునేవాళ్లు ఈ సందుని రెండంగుళాలు చేసుకోవడం మంచిది. ఆన్‌లైన్‌లో కనిపించే బొమ్మలన్నిట్లో అంగుళం అనే ఉంటుంది, పంపు ఎంతో ఎవరూ రాయరు.

గాజా, అక్రిలిక్కా

ఈ ప్రశ్న అడగని మనిషి లేడు. గాజు డబ్బాకి గాజు పలకలే పెట్టుకోవచ్చు కదా, సిలికాన్ చక్కగా పట్టుకుంటుంది, ఖర్చూ తక్కువే. నిజమే. కానీ ఇంట్లో కట్టిన డబ్బా కొలతలు పైనుంచి కిందిదాకా ఒకేలా ఉండవు. మాది లోపలి వెడల్పు పై అంచు దగ్గర 296 మి.మీ., అడుగున 294.5. గాజు ముక్కని ఇంట్లో కూర్చుని మిల్లీమీటరున్నర తగ్గించాలంటే నా వల్ల కాదు, అక్రిలిక్ అయితే ఆకురాయి పట్టుకుని పది నిమిషాలు గీకితే సరి. రంధ్రాలు వేసుకోవచ్చు, అంచు తగ్గించుకోవచ్చు, చేయి జారితే పగలదు. ముఖ్యంగా, రేపు మనసు మారితే ఆ పలక తీసేసి ఇంకోటి పెట్టుకోవచ్చు, అది కూడా అతికించకపోతేనే.

అతికించడం దగ్గరే ఉంది చిక్కంతా. సిలికాన్ గాజుని పట్టుకున్నట్టు అక్రిలిక్‌ని పట్టుకోదు. నమ్మకం లేకపోతే చిన్న పరీక్ష చేసి చూడండి, నేను చేశాను. ఒక అక్రిలిక్ ముక్క మీదా ఒక గాజు ముక్క మీదా ఒకే ట్యూబులోంచి రెండేసి అంగుళాల తీగ వేసి వదిలేశాను. బాగా ఆరాక గాజు మీది తీగ గోటితో రాలేదు, బ్లేడు పెట్టి గీకాల్సి వచ్చింది, గీకాక కూడా పల్చటి పొర మిగిలింది. అక్రిలిక్ మీదిది ఒక చివర గోరు దూర్చి లాగితే స్టిక్కర్ ఊడినట్టు ఒక్క ముక్కగా, చిన్న చప్పుడు కూడా లేకుండా వచ్చేసింది. కింద అక్రిలిక్ తళతళలాడుతూ ఉంది, ఎప్పుడూ ఏమీ అంటనట్టు.

అలాగని అక్రిలిక్ బాఫిల్స్‌ని సిలికాన్‌తోనే పెట్టి ఏళ్ల తరబడి నడిపేవాళ్లు లేకపోలేదు. రెండు వైపులా నీళ్లు ఉంటాయి కాబట్టి ఒత్తిడి తక్కువ, అందుకే నిలబడుతున్నాయి. కానీ ఒకవైపు ఖాళీ చేసి ఇంకోవైపు నిండుగా ఉంచితే? 10 అంగుళాల నీళ్లు 30 సెం.మీ. వెడల్పు పలకని తోసే బలం సుమారు 9.7 కిలోల బరువుకి సమానం. అవతల వైపు 7 అంగుళాలు ఉంటే అది సగానికి పడిపోతుంది. రోజూ నడిచేటప్పుడు ఈ సగమే, పంపు గది కడగడానికి తోడేసిన రోజు మొత్తం బరువూ. గోటితో ఊడొచ్చేదాన్ని నమ్మి అంత బరువు పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

కాబట్టి నిర్ణయం ఇది: సిలికాన్‌ని గాజుకీ గాజుకీ మధ్య మాత్రమే వాడతాను. డబ్బా గోడలకి సన్నటి గాజు పట్టీలు జంటలుగా అతికిస్తే మధ్యలో గాడి ఏర్పడుతుంది. అక్రిలిక్ పలకని పైనుంచి ఆ గాడిలోకి, పొలం కాలవ తూముకి పలక దించినట్టు, దించడమే. బరువు మోసేది గాజు పట్టీ, అక్రిలిక్ దానికి ఆనుకుని ఉంటుంది అంతే.

శనివారం, రాణిగంజ్

5 మి.మీ. కాస్ట్ అక్రిలిక్ షీటు కావాలని వెళ్లాను. ఎక్స్‌ట్రూడెడ్ రకం కాస్త చవక కానీ కోసేటప్పుడూ డ్రిల్ చేసేటప్పుడూ వేడికి తొందరగా మెత్తబడి రంపం పళ్లకి అతుక్కుంటుంది. పూర్తి షీటు 8 × 4 అడుగులు, మనకి అంత అక్కర్లేదు, షాపులో మిగిలిన తుక్కు ముక్కల్లోనే మూడు పలకలకి సరిపడా దొరికింది. లేజర్ కట్ చేసిస్తానన్నాడు షాపతను. వద్దన్నాను, ఎందుకంటే లేజర్ కోసిన అంచులో లోపల ఒత్తిడి మిగిలిపోతుంది, తర్వాత ఆల్కహాల్ లాంటిది ఏది తగిలినా వెంట్రుక లాంటి పగుళ్లు వస్తాయి.

నేను గాజు డబ్బా అని చెప్పగానే ఆయన, "సిలికాన్ ఎందుకన్నా, క్లోరోఫాం పెట్టు, రెండు నిమిషాల్ల పట్టేస్తది," అన్నాడు. అక్రిలిక్‌కీ అక్రిలిక్‌కీ అయితే ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం, క్లోరోఫాం రెండు అంచుల్నీ కరిగించి ఒకటి చేసేస్తుంది. గాజుని కరిగించదుగా. అదే మాట చెబితే నవ్వేసి, "అయితే మొత్తం డబ్బానే అక్రిలిక్‌ల చేపిచ్చుకోవాల్సింది," అన్నాడు. బేరం పెట్టే మనిషి ఇంకేమంటాడు.

ఇంటికొచ్చి వెర్నియర్ పెట్టి చూస్తే 5 మి.మీ. అన్న షీటు ఒక మూల 4.6, ఇంకో మూల 4.9. కాస్ట్ షీట్లలో ఇది మామూలే, రెండు గాజుల మధ్య పోసి గట్టిపరుస్తారు కాబట్టి మందం అక్కడక్కడ మారుతుంది. గాడి వెడల్పు నిర్ణయించేటప్పుడు షీటు మీది అంకె కాకుండా ముక్కని కొలిచి చూసుకోవాలని ఇందుకే అంటాను.

దారిలో అద్దాల షాపులో ఆగి 5 మి.మీ. గాజులో 15 మి.మీ. వెడల్పు పట్టీలు కోయించాను. ఇంత సన్నగా కోయడానికి ఆయన మొదట ఒప్పుకోలేదు, రెండు మూడు విరిగితే నా లెక్కలోనే అంటే అప్పుడు కోశాడు. ఒకటే విరిగింది.

ఆదివారం, కోత

పలక వెడల్పు ఎంత ఉండాలి? లోపలి వెడల్పు అడుగున 294.5. అక్రిలిక్ వేడికి గాజు కంటే దాదాపు ఎనిమిది రెట్లు ఎక్కువ సాగుతుంది. 20 డిగ్రీల తేడాకి ఈ వెడల్పు మీద 0.4 మి.మీ. వస్తుంది, పైగా నీళ్లు పీల్చుకుని ఇంకాస్త ఉబ్బుతుంది. బిగుతుగా కోసి దించితే ఏదో ఒక రోజు గోడల్ని అదే తోస్తుంది. చుట్టూ గ్యాస్కెట్, అంటే సందులోంచి నీళ్లు జారకుండా అంచుకి వేసే మెత్తటి తొడుగు, కూడా పెట్టాలి కాబట్టి 291 దగ్గర గీత గీశాను.

కోయడానికి మెషీను ఏమీ లేదు. ప్లాస్టిక్ కోసే కొక్కెం కత్తి ఒకటి, స్టీలు స్కేలు, రెండు సి క్లాంపులు. షీటు మీది కాగితం తీయకుండానే, స్కేలు కదలకుండా బిగించి ఒకే గీత మీద మళ్లీ మళ్లీ లాగడమే. మొదటి రెండు మూడు లాగుళ్లు తేలిగ్గా, గీత దారి పడేదాకా. తర్వాత బలం పెట్టొచ్చు, ప్రతి లాగుడికీ ఒక తెల్లటి చుట్ట లేచి వస్తుంది. మందంలో మూడో వంతు దాటాక బల్ల అంచుకి గీతని సరిగ్గా ఆనించి, పైన చెక్క పెట్టి అదిమి, ఒక్కసారిగా కిందికి నొక్కితే టప్‌మని విరుగుతుంది. ఆ చప్పుడుకి లోపల గదిలోంచి మా ఆవిడ "పగిలిందా?" అంది. పగలడమే కావాలి అన్నాను. అంచులు ఆకురాయితో సాపు చేసి, కత్తి వీపుతో ఒకసారి గీకితే చేతికి గుచ్చుకోకుండా ఉంటుంది.

కింది మూలలు మర్చిపోకూడనివి. డబ్బా అతికించినప్పుడు లోపలి మూలల్లో వేలితో నొక్కిన సిలికాన్ గుండ్రంగా ఉంటుంది, మాది 6, 7 మి.మీ. దాకా ఉంది. పలక మూల చతురస్రంగా ఉంటే దాని మీద ఎక్కి కూర్చుంటుంది, అడుగుకి దిగదు. అందుకని ఎ, సి పలకల కింది మూలలు 8 మి.మీ. ఏటవాలుగా కోసేశాను. గాజు పట్టీలు కూడా అడుగు నుంచి 10 మి.మీ. పైనే మొదలవుతాయి. పాత సిలికాన్ మీద కొత్తది సరిగ్గా పట్టదు కాబట్టి పట్టీ కింద పాతదేమీ ఉండకూడదు.

బి పలకకి పై అంచులో వరసగా రంధ్రాలు వేయాలనుకున్నాను, ఎప్పుడైనా కింది దారి మూసుకుపోతే పైనుంచి నీళ్లు పోవడానికి. మామూలు డ్రిల్ బిట్ అక్రిలిక్‌ని కొరికి లోపలికి లాగేసుకుంటుంది, అవతలి వైపుకి వచ్చే క్షణంలో పెచ్చు లేపుతుంది. బిట్ కొస పదునుని కాస్త రాతి మీద రుద్ది మొండి చేసి, కింద చెక్క పెట్టి, సబ్బునీళ్లు చుక్క వేస్తూ నెమ్మదిగా దింపితే సన్నటి తీగలా పొట్టు బయటికొస్తుంది. పొట్టు తీగలా రాకుండా జిగురు ముద్దలా వస్తోందంటే స్పీడు ఎక్కువైనట్టు.

గాడి అతికించడం

ముందు గ్యాస్కెట్ సంగతి, ఎందుకంటే గాడి వెడల్పు దాన్నిబట్టే. ఎయిర్ పంపుకి వాడే సిలికాన్ గొట్టం తీసుకుని పొడవునా బ్లేడుతో చీలిస్తే పలక అంచుకి తొడుగులా ఎక్కుతుంది. దాని గోడ మందం 1 మి.మీ. పలక 4.8, రెండు పక్కలా ఒక్కో మిల్లీమీటరు, మొత్తం 6.8. గాడి 6.4 ఉంటే గొట్టం నొక్కుకుని కూర్చుంటుంది. 6.4 ఎలా వస్తుంది? అదే షీటు ముక్క, దానికి అటొకటి ఇటొకటి గడువు తీరిన ఏటీఎం కార్డులు. కార్డు మందం 0.76 మి.మీ., ఏ బ్యాంకుదైనా అంతే. ఈ మూడింటినీ కలిపి బ్రౌన్ టేపు చుట్టేస్తే కొలముక్క తయారు. టేపు మీద సిలికాన్ పట్టదు కాబట్టి తర్వాత సులువుగా ఊడొస్తుంది.

గోడల మీద మార్కర్‌తో గీతలు, మూలమట్టం పెట్టి నిలువు సరిచూసుకోవడం, రెండు గోడల మీదా గీతలు ఎదురెదురుగా ఉన్నాయో లేదో దారం పట్టి చూసుకోవడం, ఇదే ఎక్కువ సమయం తిన్నది. గాజుని అసిటోన్‌తో తుడిచాను. అక్రిలిక్ దగ్గరకి ఆ సీసాని రానివ్వకూడదు, చుక్క పడితే మసకబారిపోతుంది, దానికి సబ్బునీళ్లే.

సిలికాన్ ఎసిటిక్ రకం, వెనిగర్ వాసన కొట్టేది. బాత్రూం కోసం అమ్మే బూజు పట్టని రకాలు చేపల దగ్గరికి పనికిరావు, అందులో కలిపే మందు చేపలకి విషం. పట్టీ వీపు మీద ఒకే తీగ, మరీ లావుగా కాదు, కొలముక్కకి ఆనించి గోడకి నొక్కి, బయటికొచ్చిందాన్ని వెంటనే ఐస్‌క్రీం పుల్లతో లాగేయాలి. ఐదు నిమిషాలు దాటితే పైన పొర కట్టేస్తుంది, అప్పుడు ముట్టుకుంటే చెడగొట్టడమే. బావమరిది పట్టీలు అందించేవాడు, నేను అతికించేవాడిని. మధ్యలో వాడు, "బావా, ఇంత కష్టం బదులు నాలుగు డబ్బాలు పక్కపక్కన పెట్టి పైపులు కలిపేస్తే అయిపోవు?" అన్నాడు. అవుతుంది, పైపు కలిపిన ప్రతిచోటా కారే అవకాశం ఒకటి పెరుగుతుంది.

ఎ, సి పలకలకి అడుగున కూడా పట్టీల జంట అతికించాను. బికి అడుగున గాడి లేదు, రెండు పక్కలా అంగుళంపావు ఎత్తు గాజు ముక్కలు ఆపులుగా నిలబెట్టాను, పలక వాటి మీద కూర్చుంటుంది.

ఆరడం

ఎండాకాలం కదా తొందరగా ఆరిపోతుంది అనుకుంటారు, సిలికాన్‌కి లెక్క తిరగబడి ఉంటుంది. అది ఆరేది గాలిలో తేమతో. విశాఖ, కాకినాడల్లో అయితే ఈ తిప్పలు ఉండవు, మన దగ్గర ఏప్రిల్ మధ్యాహ్నం గాలిలో తేమ ఎక్కడిది. మామూలు పరిస్థితుల్లోనే రోజుకి 2, 3 మి.మీ. లోతు గట్టిపడుతుంది, 15 మి.మీ. వెడల్పు పట్టీ కింద మధ్యలో ఉన్న సిలికాన్‌కి గాలి తగిలేది అంచుల నుంచే. డబ్బాలో ఒక గిన్నెడు నీళ్లు పెట్టి, పైన తడిగుడ్డ కప్పి వదిలేశాను. తొందర పడదల్చుకోలేదు, వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా ఆగి, ఆ పైన ఇంకో రెండు రోజులు వదిలాను. డబ్బాలో తల పెట్టి వాసన చూస్తుంటే మా అత్తయ్య ఏమీ అనకుండా చూసి వెళ్లిపోయారు.

నీళ్ల పరీక్ష

కావాలనే కష్టమైన పరీక్ష ముందు. సి పలకకి ఒకవైపు మాత్రమే 9.5 అంగుళాలు నింపి పంపు గది ఖాళీగా ఉంచాను. స్టీలు స్కేలు అడ్డంగా ఆనించి చూస్తే పలక మధ్యలో 2 మి.మీ. పైనే వంగింది, కంటికే తెలుస్తోంది. పట్టీలు కదల్లేదు. గ్యాస్కెట్ పక్కనుంచి ఊట ఉంది, గోడ వెంట సన్నటి తడి దారం లాగా దిగుతోంది, అర్ధగంటకి పంపు గది అడుగున అరంగుళం చేరింది. నాకు ఇది చాలు. బాఫిల్ చుక్క కారకూడదు అనే నియమం ఎక్కడా లేదు, దాని పని నీటిమట్టాన్ని నిలబెట్టడం. గంటకు 1500 లీటర్లు పొర్లుతున్న చోట పక్కనుంచి రెండు లీటర్లు జారితే ఏం తేడా పడుతుంది.

అప్పుడు స్టాండు కిందికి చేర్చి, రసమట్టం పెట్టి చూసి, పైపులు కలిపి అసలు పంపు వేశాను. ఎ మీంచి పొర్లే నీళ్లు పలకకి 8 మి.మీ. ఎత్తున, ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే మందంతో పడుతున్నాయి. ఒక పక్కే ఎక్కువ పడితే స్టాండు వాలినట్టు.

కరెంటు పోతే

సంప్ పెట్టే ప్రతివాళ్లూ ముందు చేయాల్సిన లెక్క ఇదే, మన ఊళ్లలో మరీ. పంపు ఆగగానే పై ట్యాంకులోని నీళ్లు ఓవర్‌ఫ్లో అంచు దాకా, పంపు నీళ్లని పైకి తీసుకెళ్లే రిటర్న్ పైపు మూతి దాకా కిందికి దిగుతాయి. మా పై ట్యాంకులో అంగుళానికి సుమారు 13 లీటర్లు. రిటర్న్ పైపుకి నీటిమట్టానికి కాస్త కింద చిన్న రంధ్రం వేశాను, మట్టం అక్కడికి దిగగానే గాలి పీల్చుకుని, నీళ్లని పైపులోంచి వెనక్కి లాగే సైఫన్ తెగిపోతుంది. అంగుళంపావు దిగితే 16, 17 లీటర్లు, పైపుల్లో ఉన్నది కలిపితే 18. సంప్‌లో మొదట పంపు గదీ మీడియా గదీ 10 అంగుళాల దాకా నిండుతాయి, దానికి 6 లీటర్లు పైచిలుకు. మిగతాది మొత్తం డబ్బాలో పరుచుకుంటుంది, అంగుళానికి 5.6 లీటర్లు. లెక్క ప్రకారం 12 అంగుళాల దగ్గర ఆగాలి.

స్విచ్ ఆపి స్కేలు పట్టుకుని కూర్చున్నాం. గబగబా ఎక్కింది, తర్వాత నెమ్మదించింది, రంధ్రం దగ్గర గురగుర చప్పుడు, ఆగిపోయింది. పన్నెండుకి నూలువాసి కింద. పైన ఇంకా మూడంగుళాలు, అంటే 17 లీటర్ల చోటు ఉంది.

ఆ రంధ్రానికి పాచి పట్టి మూసుకుపోతే కథ వేరు. పైపు మూతి మూడంగుళాల లోతులో ఉంటే ఇంకా 23 లీటర్లు దిగుతాయి, ఆ మూడంగుళాలు చాలవు, హాల్లో గచ్చు మీదే. అందుకే పక్కనే రెండో రంధ్రం కూడా వేశాను, గాజు తుడిచిన ప్రతిసారీ పుల్లతో రెండూ పొడవాలి. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు పెడితే సరిపోదా అని అడుగుతారు. ఇసుక తవ్వే చేపలున్న ట్యాంకులో ఒక్క ఇసుక రేణువు దాని మూతలో ఇరుక్కుంటే వాల్వు ఉన్నట్టూ కాదు లేనట్టూ కాదు. రంధ్రానికి కదిలే భాగాలు లేవు.

ప్లగ్గులు సంప్ కంటే ఎత్తులో గోడకి బిగించాను, ప్రతి వైరూ ఒకసారి కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా. వైరు వెంట నీళ్లు జారినా ఆ వంపు దగ్గర కిందికి కారతాయి, ప్లగ్గు దాకా పోవు.

బుడగలు

పంపు నడుస్తోంది, మట్టాలు బాగున్నాయి, పై ట్యాంకులో మాత్రం సోడా కొట్టినట్టు సన్నటి బుడగలు. కొత్త గాజు, కొత్త మీడియా ఉన్నప్పుడు మొదట్లో కొంత ఉంటుంది, అది తగ్గాక కూడా మిగిలింది. టార్చి వేసి చూస్తే బికీ సికీ మధ్య సందు శుభ్రంగా ఉంది, పైకెక్కే నీళ్లలో బుడగల్లేవు. పుడుతున్నది సి దాటాక. సి అంచు 9.5, పంపు గదిలో నీళ్లు 7 అంగుళాల దగ్గర, మధ్య రెండున్నర అంగుళాల జలపాతం. బుడగల్ని పట్టే ఏర్పాటు అంతా ముందుంది, తయారయ్యే చోటు దాని వెనక ఉంది.

పలకని అతికించి ఉంటే ఇక్కడ స్పాంజి కుక్కుకుని సర్దుకోవాల్సి వచ్చేది. పంపు ఆపి, సిని పైకి లాగి, బల్ల మీద పెట్టి ఒక అంగుళం గీసి విరిచి, అంచు సాపు చేసి మళ్లీ దించాను. టీ చల్లారే లోపు అయిపోయింది. ఇప్పుడు సి 8.5, పంపు గది మట్టం 7.5కి పెంచాను, పడేది ఒక్క అంగుళం. సాయంత్రానికి పైన నీళ్లు తేటబడ్డాయి. కరెంటు లెక్క మళ్లీ చూశాను, సి తగ్గించడం వల్ల మీడియా గదిలో చోటు పెరిగింది, పంపు ఆపితే మట్టం ఇప్పటికీ పన్నెండుకి లోపే.

ఆవిరయ్యే నీళ్లన్నీ పంపు గదిలోనే తగ్గుతాయి, మిగతా గదుల మట్టం బాఫిల్స్ పట్టి ఉంచుతాయి కాబట్టి. ఆ గదిలో అంగుళానికి 1.7 లీటర్లే, ఈ ఎండలకి ఒక రోజులో కనిపించేంత దిగుతుంది. దిగిన కొద్దీ జలపాతం చప్పుడు పెరుగుతుంది, హాల్లో కూర్చుంటే వినిపిస్తుంది, చప్పుడు మొదలైందంటే నీళ్లు పోయాలని మా ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. పోసేది ఆర్‌ఓ నీళ్లు. ఆవిరిగా పోయేది నీళ్లే, లవణాలు అక్కడే ఉంటాయి, మళ్లీ బోరు నీళ్లే పోస్తూ పోతే టీడీఎస్ పెరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు

పాత ఫిల్టర్ స్పాంజీని మీడియా గదిలో ఒక మూల పడేశాను, అందులోని బ్యాక్టీరియా కొత్త రాళ్ల మీదకి పాకేదాకా పాత ఫిల్టర్ కూడా పక్కన నడుస్తూనే ఉంటుంది. చేపల మురికి నుంచి పుట్టే విషాల్లో అమ్మోనియా టెస్టు సున్నా చూపిస్తోంది, నైట్రైట్ కూడా సున్నాకి వచ్చి కొన్ని వారాలు అలాగే నిలబడ్డాక పాతదాన్ని తీసేస్తాను.

మిగిలిన పనుల్లో మొదటిది, ఆవిరైన నీళ్లని దానంతటదే నింపే ఫ్లోట్ వాల్వు. ఎయిర్ కూలర్లకి వాడే చిన్నది చాలు, పైన ఒక ఆర్‌ఓ డబ్బా పెట్టి దానికి కలపాలి. ఆ డబ్బా మాత్రం పదిహేను లీటర్ల లోపే ఉండాలి, వాల్వు ఇరుక్కుపోయి మొత్తం దిగిపోయినా సంప్ పొంగకూడదు, కానీ అదే సమయంలో కరెంటు కూడా పోతే దాదాపు అంచు దాకా వచ్చేస్తుంది, కాబట్టి ఎనిమిది లీటర్ల డబ్బా చూస్తున్నాను. రెండోది, నెలకోసారి సి పలక పైకి తీసి గ్యాస్కెట్ గొట్టం చీలిక దగ్గర తెగిందా, పలక వంగి అలాగే ఉండిపోయిందా చూడటం. వంపు మిగిలిపోయి ఉంటే పలకని తిప్పి దించేస్తాను, రెండు ముఖాలూ ఒకటే కదా.